చక్రాలపై కాపురం, ఋతువులతో పయనం

బిలాస్‌పూర్: ఛత్తీస్‌గఢ్‌లోని ఈ రైల్వే పట్టణంలో నవంబరు నెల రెండు కదలికలకు నాంది పలుకుతుంది. వర్షాలు వెనుదిరగడంతో పట్టాల మరమ్మతు పనులు ముమ్మరమై, భారీ యంత్రాలు, వాటి సిబ్బంది నివసించే క్యాంపు కోచ్‌లు ఒక స్టేషను నుంచి మరో స్టేషనుకు ప్రయాణం సాగిస్తాయి. సరిగ్గా అదే సమయంలో వరికోతలు ముగించుకున్న జాంజ్‌గీర్-చాంపా, ముంగేలీ, బలోదాబజార్ ప్రాంతాల కూలీ కుటుంబాలు మూటాముల్లెలతో, వంటపాత్రలతో, చంటిబిడ్డలతో ప్లాట్‌ఫారాలపైకి చేరుకుంటాయి. మొదటివారికి ఇల్లు చక్రాల మీద ఉంటుంది. రెండవవారికి ఇల్లు నెత్తిమీది మూటలో ఉంటుంది. ఉభయుల పంచాంగాన్నీ నిర్ణయించేది ఋతువే.

ఇల్లూ వాకిలీ వదులుకుని వాహనంలోనే కాపురం పెట్టి, పని దొరికే కాలాన్ని బట్టి ఊళ్లు మారడం అమెరికాలో ఒక జీవన విధానంగా ప్రచారం పొందింది. 2008 నాటి ఆర్థిక సంక్షోభంలో ఇళ్లను, పొదుపు సొమ్మును పోగొట్టుకున్న వృద్ధులు అనేకులు మోటారు ఇళ్లలోకి మారారు. వేసవిలో పార్కులలో కాపలా, అక్టోబరులో ఉత్తర రాష్ట్రాల బీట్‌దుంపల కోత, క్రిస్మస్ ముందు అమెజాన్ గిడ్డంగులలో సరుకు సర్దుడు, ఆపై చలికాలానికి ఆరిజోనా ఎడారి - ఇదీ వారి వార్షిక ప్రణాళిక. ఇటువంటివారిని నియమించుకునేందుకు అమెజాన్ ప్రత్యేక పథకాన్నే నడిపి, తరువాత విరమించుకుంది. జెస్సికా బ్రూడర్ 2017లో ప్రచురించిన 'నొమాడ్‌లాండ్' గ్రంథం, దాని ఆధారంగా క్లోయీ జావో తీసిన చిత్రానికి 2021లో లభించిన ఆస్కార్ పురస్కారం వీరిని ప్రపంచానికి పరిచయం చేశాయి. బిలాస్‌పూర్ ప్రాంతపు శ్రామికునికి ఈ పంచాంగం కొత్తదేమీ కాదు. శతాబ్దికి పైగా అతడు దానిని అనుసరిస్తూనే ఉన్నాడు. కాకపోతే అతనికి మోటారు ఇల్లు లేదు.

రైలు కట్టిన ఊరు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూర్ నుంచి అసన్‌సోల్ వరకు మార్గాన్ని 1891 నాటికి పూర్తి చేసింది. కట్నీ వైపు వెళ్లే శాఖ ఇక్కడే చీలడంతో బిలాస్‌పూర్ కూడలి స్థానమైంది. అదే దశాబ్దిలో 1896-97లోను, తిరిగి 1899-1900లోను మధ్య పరగణాలను కరువు పీడించింది. తిండి గింజలను తెచ్చిన రైలే మనుషులను మోసుకుపోయింది. అస్సాం తేయాకు తోటలకు, తరువాతి కాలంలో జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారానికి ఛత్తీస్‌గఢ్ కూలీలు తరలివెళ్లారు. ఛత్తీస్‌గఢ్ నుంచి లోక్‌సభకు ఎన్నికైన తొలి మహిళగా పేరొందిన మినీమాత అస్సాంలో జన్మించడానికి కారణం ఆమె పెద్దలు కరువులో ఊరు విడవడమే. హస్‌దేవ్ నదిపై బాంగో ఆనకట్టకు ఆమె పేరే పెట్టారు.

తెలుగువారి రాక ఇందుకు భిన్నమైన కథ. రాయపూర్-విజయనగరం మార్గం 1931లో పూర్తికావడంతో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు ఛత్తీస్‌గఢ్ దగ్గరైంది. వాల్తేరు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ ఒకే రైల్వే కంపెనీ కింద ఉండటం వల్ల గ్యాంగ్‌మన్లుగా, ఖలాసీలుగా, ఫిట్టర్లుగా చేరిన ఉత్తరాంధ్రులు బదిలీలపై ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. నేడు ఇక్కడి రైల్వే కాలనీలలో మూడవ, నాలుగవ తరం తెలుగు కుటుంబాలున్నాయి. కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్, తిరుపతి వెళ్లే ఎక్స్‌ప్రెస్ వీరికి పుట్టింటి బండ్లు. పండుగకు బొబ్బిలి, పార్వతీపురం వెళ్లి రావడానికి సెలవు పెట్టే ఉద్యోగికి, పెళ్లాం పిల్లలతో సహా ఏడు నెలలకు ఊరు వదిలే కూలీకి ఒకే ప్లాట్‌ఫారం చాలుతున్నది. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ప్రధాన కార్యాలయం ఇక్కడ ఏర్పడిన తరువాత పట్టణం హోదా పెరిగింది. కానీ ఈ ప్లాట్‌ఫారం స్వభావంలో పెద్దగా మార్పు లేదు.

సైడింగులో సంసారం

క్యాంపు కోచ్ అనేది సాధారణ ప్రయాణికుడు చూసీ చూడనట్లు దాటిపోయే వస్తువు. చిన్న స్టేషన్లలో చివరి లైనుపై పసుపు రంగు యంత్రం, దాని పక్కన ఒక బోగీ, కిటికీకి ఆరవేసిన తువ్వాళ్లు కనిపిస్తాయి. లోపల పడక బల్లలు, వంటగది, స్నానపు గది, నీళ్ల ట్యాంకు, జనరేటరు ఉంటాయి. సెక్షన్ ఇంజనీరు, యంత్రం నడిపేవారు, సహాయకులు అందులోనే నివసిస్తారు. పట్టాలను ఎత్తి, వరుస సరిచేసి, స్లీపర్ల కింద కంకరను గట్టిపరచే టాంపింగ్ యంత్రం, కంకరను తోడి జల్లించి తిరిగి పోసే యంత్రం - ఇవి ఒక్కొక్కటి నెలల తరబడి ఒకే మార్గంలో ముందుకు సాగుతుంటాయి. యంత్రం కదిలితే ఇల్లూ కదులుతుంది. కుటుంబాలు మాత్రం క్వార్టర్లలోనో, స్వగ్రామంలోనో ఉంటాయి.

వీరి పని పూర్తిగా కాలంతో ముడిపడినది. వర్షాలకు ముందు ఒక దఫా, తరువాత ఒక దఫా మార్గాన్ని సరిచేయాలన్నది రైల్వే వార్షిక నిర్వహణ కార్యక్రమంలోని నియమం. పొడవుగా వెల్డింగ్ చేసిన పట్టాలను ఎండ తీవ్రతలో కదిలిస్తే అవి వంకర తిరిగే ప్రమాదం ఉంది గనుక, పట్టా ఉష్ణోగ్రత నిర్దేశిత పరిమితిని దాటినప్పుడు ఆ పని నిలిపివేయాలి. ఛత్తీస్‌గఢ్ వేసవిలో ఆ పరిమితి దాటడానికి మధ్యాహ్నం దాకా ఆగనక్కరలేదు.

ఎండకన్నా పెద్ద చిక్కు బొగ్గు. కోర్బా గనుల నుంచి విద్యుత్ కేంద్రాలకు సాగే రవాణా వల్ల ఈ జోన్ సరుకు ఎగుమతి 2022-23లో 20 కోట్ల టన్నులు దాటింది. 2022 ఆగస్టు 15న కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్‌కు నడిపిన 'సూపర్ వాసుకి' బండిలో 295 వ్యాగన్లు, దాదాపు 27 వేల టన్నుల బొగ్గు ఉన్నాయి. దాని పొడవు మూడున్నర కిలోమీటర్లు. ఇటువంటి బండ్ల నడుమ మూడు నాలుగు గంటలు లైను ఖాళీ చేసి 'బ్లాకు' ఇవ్వడానికి ఆపరేటింగ్ విభాగం సుముఖంగా ఉండదు. అందువల్ల క్యాంపు కోచ్‌లోని సిబ్బంది యంత్రాన్ని సిద్ధం చేసుకుని కబురు కోసం ఎదురుచూస్తూ కూర్చోవలసి వస్తుంది. రాత్రి బ్లాకు దొరికితే పగటి నిద్ర తప్పదు. పక్క లైనులో గూడ్సు బండ్లు వెళుతుండగా, రేకు పైకప్పు కింద ఆ నిద్ర ఎటువంటిదో ఊహించవచ్చు. ఉన్నతాధికారులు తనిఖీకి వెళ్లే సెలూన్ కూడా చక్రాల మీది ఇల్లే. అయితే అది ఊళ్లో రెండు రోజులకు మించి నిలవదు.

ఇన్ని ఇక్కట్లున్నా క్యాంపు కోచ్ సిబ్బందికి నెల జీతం, భత్యం, వైద్యం, సెలవు ఉన్నాయి. ఇల్లు కదిలినా చిరునామా చెదరదు.

వెయ్యి ఇటుకల లెక్క

కూలీ కుటుంబం ప్రణాళిక మరింత కచ్చితమైనది. ఛత్తీస్‌గఢ్ మైదానంలో చాలా భాగం వాననీటిపై ఆధారపడిన ఒకే పంట భూమి. జూన్-జూలైలో విత్తనం, అక్టోబరు నుంచి డిసెంబరులోగా కోత. ఆ తరువాత అర ఎకరం రైతుకు, అసలు భూమి లేనివానికి ఊళ్లో పని ఉండదు. ఇటుక బట్టీలు మండేది సరిగ్గా ఆ ఖాళీలోనే. వర్షాలు ఆగాక బట్టీ మొదలవుతుంది, జూన్‌లో తొలకరితో ఆరిపోతుంది. ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ బట్టీలకు పోయేవారికి సారనాథ్ ఎక్స్‌ప్రెస్, ఛత్తీస్‌గఢ్ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలే ఆధారం. కొందరు పుష్య పూర్ణిమనాడు ఇంటింటా కొత్త ధాన్యం పంచుకునే 'ఛేర్‌ఛేరా' పండుగ చేసుకుని కదులుతారు. తిరిగి రావడం మాత్రం 'హరేలీ'లోపు జరగాలి. నాగలికి, పార పలుగులకు పూజ చేసే ఆ పండుగను వారు శ్రావణ అమావాస్య అంటారు. మన లెక్కలో అది ఆషాఢ అమావాస్య.

ఈ ప్రయాణానికి టిక్కెట్టు కొనేది చాలా సందర్భాలలో కూలీ కాదు. బట్టీ యజమాని తరఫున సర్దారు ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. పెళ్లికో, జబ్బుకో, పాత బాకీకో అది ఊళ్లోనే ఖర్చవుతుంది. బట్టీలో వేతనం వెయ్యి ఇటుకల లెక్కన, అదీ కుటుంబానికంతకూ కలిపి. మట్టి కలిపేది భర్త అయితే అచ్చు వేసేది భార్య కావచ్చు. ఆరిన ఇటుకను తిరగవేసే చిన్న చేతులు ఏ ఖాతాలోనూ కనిపించవు. వారం వారం తిండి ఖర్చుకు కొంత ఇచ్చి, మిగిలినదాని నుంచి అడ్వాన్సు తీసివేసి ఋతువు చివర లెక్క తేలుస్తారు. మధ్యలో వెళ్లిపోదామంటే లెక్క తేలదు. మాఘంలో అకాల వర్షం పడి పచ్చి ఇటుకలు కరిగిపోతే ఆ శ్రమ ఎవరి పద్దులోకి పోతుందన్నది తరచు వివాదమవుతుంది. వెట్టిచాకిరీని 1976 నాటి చట్టం రద్దు చేసింది. కానీ అప్పు చూపి మనిషిని కదలనీయకపోవడమే వెట్టి అని ఆ చట్టం చెప్పిన సంగతి బట్టీ ఆవరణలో ఎంతమందికి తెలుసు?

తెలుగు పాఠకునికి ఇది పరాయి కథ కాదు. పాలమూరు లేబర్ దేశమంతటా ఆనకట్టలు కట్టింది. నేడు ఒడిశా బలాంగీర్ కుటుంబాలు తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తున్నాయి. దక్షిణ ఛత్తీస్‌గఢ్ నుంచి ఏటా ఫిబ్రవరి-ఏప్రిల్ మధ్య గోదావరి తీరపు మిర్చి చేలకు కూలీలు వస్తున్నారు.

కాలం తప్పిన తిరుగు ప్రయాణం

ఈ పంచాంగం ఒక్కసారిగా తలకిందులైనది 2020లో. మార్చి చివరలో రైళ్లు నిలిచిపోయేనాటికి బట్టీలు మండుతున్నాయి, మిర్చి కోతలు సాగుతున్నాయి. ములుగు జిల్లా చేలలో పనికి వచ్చిన బీజాపూర్ జిల్లా బాలిక ఒకామె, 12 ఏళ్లది, అడవి దారిన నడిచి ఇల్లు చేరబోతూ ఏప్రిల్ 18న మరణించింది. మే 1న హైదరాబాద్ సమీపంలోని లింగంపల్లి నుంచి హటియాకు తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు కదిలింది. మరో వారానికి, మే 8న, మహారాష్ట్రలోని ఔరంగాబాద్ సమీపంలో పట్టాలపై నిద్రించిన 16 మందిని గూడ్సు బండి బలిగొన్నది. వారు మధ్యప్రదేశ్‌లోని షహడోల్, ఉమరియా జిల్లాలవారు. ఈ రెండు పట్టణాలూ బిలాస్‌పూర్-కట్నీ మార్గంలోనివే. భుసావల్‌లో ప్రత్యేక రైలు దొరుకుతుందన్న ఆశతో వారు పట్టాల వెంబడి నడిచారు. ఆ ఏడాది శ్రామిక్ రైళ్లు 4,600కు పైగా నడిచి, సుమారు 63 లక్షల మందిని చేరవేశాయి.

అంతటి అనుభవం తరువాత కూడా 2022 ఏప్రిల్‌లో బొగ్గు రవాణాకు దారి ఇచ్చేందుకు ఈ ప్రాంతపు ప్రయాణికుల బండ్లను 20కి పైగా రద్దు చేశారు. నాటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ అభ్యంతరం తెలిపారు. విద్యుత్ కేంద్రాలకు బొగ్గు అవసరమన్న వాదనను కాదనలేము. కానీ జనరల్ బోగీలో పోయే కూలీకి మరో బండి, మరో తేదీ ఉండవు. జూన్ మొదటి వారంలో అతడు ఊరు చేరకపోతే విత్తనాల అదును తప్పుతుంది. పండుగలకు ప్రత్యేక రైళ్లు వేసే రైల్వేకు, ఏటా ఒకే వారాలలో జరిగే ఈ రాకపోకలను అంచనా వేయడం కష్టసాధ్యమేమీ కాదు.

చట్టం దృష్టిలో ఈ కుటుంబానికి కొంత ఆసరా ఉంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రయాణ ఖర్చుతో పాటు నెల వేతనంలో సగాన్ని స్థానభ్రంశ భత్యంగా ఇవ్వాలని పేర్కొంది. దాని స్థానంలో 2020లో ఆమోదం పొంది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కోడ్, ఏడాదికొకసారి రానుపోను ఛార్జీని నిలిపి, స్థానభ్రంశ భత్యాన్ని విడిచిపెట్టింది. గుత్తేదారు ద్వారా గాక స్వయంగా వెళ్లేవారిని సైతం నిర్వచనంలో చేర్చడం మేలు మార్పు. రేషన్ విషయంలో పురోగతి స్పష్టం. ఏ రాష్ట్రపు కార్డుతోనైనా మరో రాష్ట్రంలో బియ్యం పొందే ఏర్పాటు 2019 ఆగస్టులో తొలుత ప్రారంభమైన జంటలలో ఆంధ్రప్రదేశ్-తెలంగాణ ఒకటి. ఛత్తీస్‌గఢ్ 2022 ఫిబ్రవరిలో చేరింది.

మిగిలింది లెక్కల సమస్య. తదుపరి జనగణనకు కేంద్రం 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించింది. 2011లో కూడా గణన జరిగింది ఫిబ్రవరిలోనే. బట్టీలు పూర్తి స్థాయిలో నడిచేది, ఛత్తీస్‌గఢ్ పల్లెలలో తలుపులకు తాళాలు కనిపించేది ఆ నెలలోనే. ఏడు నెలలు ఒకచోట, అయిదు నెలలు మరోచోట నివసించే కుటుంబాన్ని ఏ గ్రామపు జనాభాలో వేస్తారన్నదానిపై ఆ గ్రామపు బడి, అంగన్‌వాడీ, రేషన్ కోటా ఆధారపడి ఉంటాయి. వలసపోయేవారి వివరాలకు పంచాయతీలలో విడిగా రిజిస్టరు ఉంచాలన్నది ఛత్తీస్‌గఢ్‌లో నియమం. గణకులు ఆ రిజిస్టరును వెంటబెట్టుకుని వెళితే, కనీసం తాళం వేసిన ఇంటి యజమాని ఏ రాష్ట్రంలో ఉన్నాడో తెలుస్తుంది.