ఛార్జిషీట్ వేశారంటే నేరం రుజువైనట్టేనా? అసలు అర్థం ఇదీ..

జహీరాబాద్ దగ్గర చిరాగ్‌పల్లి చెక్‌పోస్టులో గంజాయి పట్టుబడిందనే వార్తలు చూస్తూనే ఉంటాం. కొన్నాళ్లకు 'ఛార్జిషీట్ వేశారు' అంటారు. అంతే.. 'వాడి పని అయిపోయింది' అని జనం తేల్చేస్తారు. కానీ ఛార్జిషీట్, అంటే అభియోగపత్రం, తీర్పు కాదు. ఎఫ్‌ఐఆర్‌తో కేసు మొదలైతే, దర్యాప్తులో ఏం తేలిందో పోలీసులు కోర్టుకు చెప్పేది ఇందులోనే. తగిన ఆధారాల్లేవని కోర్టు అనుకుంటే విచారణకు ముందే నిందితుణ్ని వదిలేయొచ్చు కూడా.

ఇక్కడ అసలు కీలకం గడువు. నిందితుడు జైల్లో ఉంటే నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీట్ వేయాలి. గంజాయి 20 కిలోలు దాటిన కేసుల్లో 180 రోజులు, కోర్టు ఒప్పుకుంటే ఇంకాస్త. ఆ గడువు దాటితే బెయిల్ అడిగే హక్కు నిందితుడికి వస్తుంది.

అన్నట్టు, ప్రభుత్వంపై పార్టీలు విడుదల చేసే 'ఛార్జిషీట్'కు కోర్టుతో సంబంధమే లేదు!