కాలు బాగైపోయింది కదా, ఇంకా ఆ రాడ్ షూస్ ఎందుకు?

పోయిన ఎపిసోడ్ కింద ఒక కామెంట్ వచ్చింది. "అన్నా, మా అక్క బాబుకి పుట్టినప్పుడు రెండు పాదాలూ లోపలికి తిరిగి ఉన్నాయి. పిండికట్లు వేశారు, ఇప్పుడు కాళ్లు సూపర్‌గా ఉన్నాయి. కానీ రాత్రి రాడ్ షూస్ వేస్తే ఒకటే ఏడుపు. ఇంట్లో అందరూ ఆపేద్దాం అంటున్నారు. ఆపేయొచ్చా?"

ఆన్సర్ ముందే చెప్పేస్తా. ఆపొద్దు. ఎందుకు ఆపొద్దో అర్థం కావాలంటే మాత్రం ఆ పాదంలో అసలు ఏం జరుగుతుందో తెలియాలి. ఈ రోజు అదే మాట్లాడుకుందాం. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చేసి, కొన్నాళ్లు కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చున్నవాణ్ణి. మీ బిడ్డ కాలు చూసి చెప్పాల్సింది ఎముకల డాక్టరే.

దీని పేరు క్లబ్‌ఫుట్. మనవైపు వంకర పాదం అంటారు. మడమ పైకి లాగేసి, పాదం ముందు భాగం లోపలికి తిరిగి, అరికాలు రెండో కాలివైపు చూస్తూ ఉంటుంది. ఇదేదో అరుదైన జబ్బు అనుకోకండి, పుట్టే ప్రతి వెయ్యి మందిలో సుమారు ఒకరికి ఉంటుంది. అమ్మాయిల కంటే అబ్బాయిల్లో రెట్టింపు. దాదాపు సగం మందికి రెండు పాదాలూ అలాగే ఉంటాయి.

ఇక్కడ ఒక కన్ఫ్యూజన్ ఉంది. కడుపులో ఇరుగ్గా పడుకోవడం వల్ల కూడా కొంతమంది పిల్లల పాదం వంకరగా కనిపిస్తుంది. అలాంటిది వేలితో మెల్లగా అంటే చాలు, మామూలు పొజిషన్‌కి వచ్చేస్తుంది. తర్వాత దానంతట అదే సర్దుకుంటుంది కూడా. క్లబ్‌ఫుట్ అలా రాదు, బిగుసుకుపోయి ఉంటుంది. మీరు బలవంతంగా తిప్పకండి, డాక్టర్‌కి చూపించండి.

అసలు చిక్కేంటంటే, పసిబిడ్డకి ఇది నొప్పి పెట్టదు. బిడ్డ ఏడవదు కాబట్టి "నడక వస్తే అదే పోతుందిలే" అంటారు. అమ్మమ్మ నూనె రాసి కాలు సాగదీస్తూ ఉంటుంది. మర్దన మంచిదే, కానీ క్లబ్‌ఫుట్ దానితో పోదు. అలాగే వదిలేస్తే పిల్లాడు పాదం అంచు మీద నడవడం మొదలుపెడతాడు, అక్కడ చర్మం కాయ కడుతుంది, నొప్పి అప్పుడు మొదలవుతుంది.

ఇక గ్రహణం సంగతి. గ్రహణం రోజు బయటికొచ్చింది, కత్తిపీట ముట్టుకుంది అని తల్లిని అంటుంటారు. చాలామంది పిల్లల్లో దీనికి ఫలానా కారణం అని చెప్పలేరు, జన్యువుల పాత్ర కొంత ఉంది. గ్రహణం పాత్ర ఏమీ లేదు. బాలింతని ఆ మాటలతో చంపకండి, ప్లీజ్.

ట్రీట్‌మెంట్ వెనకున్న కథ నాకు భలే నచ్చింది. ఇగ్నాసియో పొన్సెటీ అని ఒక డాక్టర్. 1914లో స్పెయిన్‌లోని మినోర్కా దీవిలో పుట్టాడు. వాళ్ల నాన్న వాచీలు రిపేర్ చేసేవాడు. అంతర్యుద్ధం తర్వాత దేశం వదిలి, చివరికి అమెరికాలో అయోవా చేరాడు. అక్కడ క్లబ్‌ఫుట్‌కి పెద్ద ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ల పాదాలు తర్వాత్తర్వాత బిగుసుకుపోయి నొప్పి పెట్టడం గమనించాడు. కొయ్యకుండానే సరిచేసే పద్ధతి ఒకటి 1940ల చివర్లో మొదలుపెట్టాడు. దశాబ్దాల పాటు చాలామంది డాక్టర్లు పట్టించుకోలేదు. 1990ల చివర్లో తల్లిదండ్రులు ఇంటర్నెట్‌లో ఒకరికొకరు చెప్పుకోవడంతో ఊపొచ్చింది. అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి.

లాజిక్ సింపుల్. పసిబిడ్డ పాదంలో ఎక్కువ భాగం ఇంకా గట్టి ఎముక కాదు, మెత్తటి మృదులాస్థి. కీళ్లని పట్టి ఉంచే లిగమెంట్లు సాగుతాయి. డాక్టర్ చేత్తో పాదాన్ని కొంచెం సరిచేసి, అది వెనక్కి పోకుండా తొడ దాకా పిండికట్టు వేస్తారు. వారం తర్వాత తీసి, ఇంకొంచెం సరిచేసి, మళ్లీ కట్టు. సాధారణంగా ఐదారు కట్లు. మా భాషలో చెప్పాలంటే ఒకేసారి కోడ్ మొత్తం తిరగరాయకుండా చిన్న చిన్న కమిట్లు. చాలామందికి చివర్లో మడమ వెనక టెండన్‌ని చిన్న గాటుతో వదులు చేస్తారు. నిమిషాల పని. తర్వాత మూడు వారాలు ఇంకో కట్టు, ఆలోపు టెండన్ మళ్లీ అతుక్కుంటుంది.

కట్టు ఉన్నన్నాళ్లూ కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోయడం కుదరదు, తడిగుడ్డతో తుడవాలి. కాలి వేళ్లు రోజూ చూడండి. నీలంగా మారినా, తెల్లబడినా, వాచినా, వేళ్లు కట్టు లోపలికి జారిపోయినా రేపటి దాకా ఆగొద్దు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి.

ఇప్పుడు మన కామెంట్ దగ్గరికి వద్దాం. కట్లు పాదాన్ని సరిచేశాయి, ఓకే. కానీ దాన్ని లోపలికి లాగే గుణం పోలేదు. మొదటి నాలుగైదేళ్లు పాదం స్పీడ్‌గా పెరుగుతుంది, ఆ పెరుగుదలతో పాటే లిగమెంట్లు మళ్లీ బిగుసుకోవాలని చూస్తాయి. రాడ్ షూస్, అంటే బ్రేస్, పాదాన్ని బయటికి తిప్పి పట్టుకుంటుంది. మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు. ఆ తర్వాత రాత్రి నిద్రలో, పగటి కునుకులో మాత్రమే, నాలుగైదేళ్లు వచ్చేదాకా. క్లబ్‌ఫుట్ మళ్లీ తిరగబెట్టడానికి అన్నిటికంటే పెద్ద కారణం బ్రేస్ మానేయడమే. కాలు చూడ్డానికి బాగుంది కాబట్టి మానేస్తారు. అది బాగున్నదే బ్రేస్ వల్ల!

ఏడుపు సంగతి? ముందు షూ విప్పి చర్మం చూడండి. బొబ్బ, పుండు, పోకుండా ఉండే ఎర్రటి మచ్చ కనిపిస్తే షూ సరిగ్గా పట్టలేదని, డాక్టర్‌కి చూపించాలి. మడమ కిందికి పూర్తిగా దిగిందా, మధ్య పట్టీ బిగుతుగా ఉందా చూడండి. చాలాసార్లు మడమ జారడమే అసలు సమస్య. లోపల కాటన్ సాక్స్ వేయండి. చర్మం బాగానే ఉంటే అది అలవాటు కాని ఏడుపు. రెండు కాళ్లూ కలిపి తన్నడం వాడికి కొత్త. రాడ్ పట్టుకుని మోకాళ్లు మెల్లగా మడుస్తూ, చాపుతూ ఆడించండి. రాడ్‌కి మెత్తటి గుడ్డ చుట్టండి. ఏడ్చిన ప్రతిసారీ విప్పితే "ఏడిస్తే తీస్తారు" అని పిల్లాడు నేర్చేసుకుంటాడు, పిల్లలు మనకంటే తెలివైనవాళ్లు. చుట్టాలొచ్చి "పసివాడికి ఈ సంకెళ్లేంటమ్మా" అంటే, కళ్లజోడు లాంటిదే పిన్నీ అని చెప్పండి.

నడిచేటప్పుడు మడమ నేలకి ఆనకపోయినా, పాదం అంచు మీద నడుస్తున్నా, నిన్నటిదాకా పట్టిన షూ పట్టకపోయినా తిరగబెడుతోందేమో అని అనుమానించండి. త్వరగా చూపిస్తే చాలాసార్లు మళ్లీ కట్లతోనే సరిచేయొచ్చు.

ఖర్చు గురించి. 2013లో మొదలైన కేంద్ర పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్, ఆర్‌బీఎస్‌కే, లిస్ట్‌లో క్లబ్‌ఫుట్ ఉంది. ట్రీట్‌మెంట్ ఫ్రీ. ఆశా వర్కర్‌ని గానీ, అంగన్‌వాడీ టీచర్‌ని గానీ అడిగితే జిల్లాలో ఉండే ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కి దారి చెప్తారు. పుట్టిన మొదటి వారాల్లో వెళ్తే బెస్ట్. నడక వచ్చేసిన పిల్లలకి కూడా ఈ కట్ల పద్ధతి పనిచేస్తుంది, కాకపోతే కట్లు ఎక్కువ పడొచ్చు. "లేట్ అయిపోయింది" అని మీ అంతట మీరే డిసైడ్ అవ్వకండి.

డౌట్స్ ఉంటే కింద అడగండి. రెండేళ్లలోపు పిల్లలకి దొడ్డికాళ్లు ఉంటే భయపడాలా వద్దా, అది నెక్స్ట్ ఎపిసోడ్.