రైలు ఆగితే ఆకలి ఆగుతుందా?

"మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంట్లో ఉంటాంగా, ఇంకా అన్నాలు కట్టడం ఎందుకూ?" రైలెక్కేముందు ఈ మాట అనని ఇల్లాలు మనలో ఎవరైనా ఉన్నారా చెప్పండి! నేనూ అన్నాను. అన్న పాపానికి మా అత్తయ్యగారిని ప్రాణం మీదకి తెచ్చుకున్నంత పనయింది. మీకెవరికీ అలాంటి రోజు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

2024 సెప్టెంబర్ మొదటి వారం. ఆ వానలూ వరదలూ మీకు గుర్తుండే ఉంటాయి. సెప్టెంబర్ 1న మహబూబాబాద్ దగ్గర ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య వరద పోటుకి పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. టీవీలో చూసి గుండె దడదడలాడింది. అప్పటికి రెండు రోజుల తర్వాత మాకు ప్రయాణం. మానుకుందామంటే మానుకునేది కాదు. మా చిన్న ఆడపడుచు పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి కడుపుతో ఉంది. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. ఇంట్లో చూసేవాళ్ళు లేరు. సికిందరాబాదులో కూతురు అలా ఉంటే రాజమండ్రిలో తల్లి మనసు నిలుస్తుందా? రైళ్ళు చాలా రద్దయినా మా రైలు మాత్రం ఉందన్నారు. తెల్లారకముందే ఎక్కితే మధ్యాహ్నం రెండు గంటలకల్లా దిగిపోవచ్చు. దారిలో తినడానికి నాలుగేసి ఇడ్లీలు, కారప్పొడి కట్టాను. అంతే! అత్తయ్యగారు మాత్రం ముందురోజు కూర్చుని బియ్యం దంపించి డబ్బా నిండా చలిమిడి చేశారు. కడుపుతో ఉన్న పిల్లకి కడుపు చలవ కదా.

తీరా విజయవాడ దాటాక రైలు ఖమ్మం వైపు కాకుండా గుంటూరు వైపు తిరిగింది. పక్కాయన "దారి మళ్ళించారమ్మా, మీకు మెసేజీ రాలేదా?" అన్నాడు. వచ్చిందండీ! కానీ నాకు కాదు. టిక్కెట్టు తీసింది బెంగళూరులో ఉన్న మా అబ్బాయి. వాడి నంబరే ఇచ్చాడు. వాడు నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడు. మెసేజీ వాడి ఫోన్లో పడుకుంది! అంచేత ఇప్పుడు మా ఇంట్లో ఎవరు టిక్కెట్టు తీసినా ప్రయాణం చేసేవాళ్ళ నంబరే ఇస్తున్నాం. మీరూ పిల్లలకి గట్టిగా చెప్పండి.

దారి మళ్ళితే కాస్త చుట్టు అవుతుంది, ఒకటి రెండు గంటలు ఆలస్యమవుతుంది అనుకుంటాం. అది కాదు లెక్క. గుంటూరు నుంచి నడికుడి, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా బీబీనగర్ వెళ్ళే ఆ లైను సుమారు 240 కిలోమీటర్లు. అప్పటికి చాలామటుకు ఒకటే పట్టా. ఎదురుగా ఒక రైలు వస్తుంటే మనది ఏదో స్టేషన్లో పక్కకి తప్పుకుని నిలబడాలి. మామూలు రోజుల్లో తిరిగే రైళ్ళకే ఆ లైను సరిపోతుంది. దానిమీదకి ఖమ్మం దారి రైళ్ళు కూడా వచ్చిపడితే ఏమవుతుంది? ఇరుకు సందులోకి ఊరి పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారే వచ్చినట్టు! పైగా డ్రైవర్లు తమకి అలవాటు లేని దారిలో నడపకూడదట. ఆ దారి తెలిసిన మనిషి వచ్చేదాకా ఆగాలి. ఇవన్నీ తర్వాత రైల్వేలో పనిచేసే మా పిన్ని కొడుకు చెప్పాడు. రైలు "ఊరికే" ఆపేశారని విసుక్కోవడం ఆ తర్వాత తగ్గించుకున్నాను.

ఇక అసలు సంగతి. మా అత్తయ్యగారికి పదిహేనేళ్ళుగా షుగరు. రోజూ భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. ఒంటిగంట వేళ ఒకబ్బాయి వచ్చి భోజనాలు రాసుకుని "పది నిమిషాల్లో తెస్తానమ్మా" అన్నాడు. ఆవిడ గడియారం చూసుకున్నారు. టైము తప్పరు మా అత్తయ్యగారు. ఇంట్లో వేసుకున్నట్టే సూది వేసేసుకున్నారు. నేనూ కాదనలేదు. అన్నం వస్తోంది కదా అనుకున్నాను.

పిడుగురాళ్ళ దాటాక ఎక్కడో చిన్న స్టేషన్లో రైలు ఆగింది. పది నిమిషాలు అరగంటయింది. ఆ అబ్బాయి జాడ లేదు. వెతుక్కుంటూ వెళితే అన్నం అయిపోయిందని చెప్పి వెళ్ళిపోయాట్ట! బయట చూస్తే ప్లాట్‌ఫారం మీద పిట్ట లేదు. టీ కొట్టు కూడా లేదు. నా ఇడ్లీలు పొద్దున్నే అయిపోయాయి.

రెండింటికి అత్తయ్యగారు కిటికీకి తల ఆనించారు. నిద్రేమో అనుకున్నాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటతో తడిసిపోయి ఉంది. వేళ్ళు వణుకుతున్నాయి. "ఏంటత్తయ్యా?" అంటే "పాలు పొంగుతున్నాయే, చూడు" అన్నారు. నా గుండె ఆగిపోయిందనుకోండి. చలిమిడి డబ్బా తీయబోతే అంత మైకంలోనూ నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఆడపిల్లకి పట్టుకెళ్ళేది దారిలో తుంచుతారా?" అని.

ఎదురు బెర్తులో ఒక చంటిపిల్ల తల్లి ఉంది. పిల్లకోసం గ్లూకోజ్ పొడి తెచ్చుకుంది. ఆ పక్క వరసలోంచి నర్సు చదువుతున్న అమ్మాయి ఒకతె గబగబా వచ్చింది. "చలిమిడి తర్వాత ఆంటీ, ముందు గ్లూకోజ్ నీళ్ళు!" అంది. ఎందుకో తెలుసా? చలిమిడిలో నెయ్యి, పిండి ఉంటాయి. అవి అరిగి తీపి రక్తంలోకి చేరడానికి సమయం పడుతుంది. పంచదార, గ్లూకోజ్ అయితే వెంటనే ఎక్కుతాయి. సగం గ్లాసు నీళ్ళలో గ్లూకోజ్ నిండుగా కలిపి గుటక గుటకగా తాగించింది. గ్లూకోజ్ లేకపోతే మూడు చెంచాల పంచదార కలిపినా చాలట. పదిహేను నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక బిస్కెట్లో, అన్నమో పెట్టాలి, లేకపోతే మళ్ళీ పడిపోతుంది. మనిషి బొత్తిగా స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరి గొట్టంలోకి పోతుంది. అప్పుడు డాక్టరు కావాల్సిందే. 139కి ఫోను చేసి రైలు నంబరు, పెట్టె నంబరు, సీటు చెబితే ముందు స్టేషన్‌కి కబురు పంపుతారు. టి.టి.ఇ.కి, గార్డుకి కూడా చెప్పాలి.

ఇరవై నిమిషాలకి అత్తయ్యగారి కళ్ళలో చూపు నిలబడింది. "ఏమైందే, అంతా నా చుట్టూ చేరారు?" అన్నారు. నాకు ఏడుపాగలేదు.

అందుకే షుగరు వాళ్ళున్న ఇళ్ళలో అందరికీ చెబుతున్నాను. ప్రయాణంలో గడియారం చూసి సూది వేయకండి, పళ్ళెం చూసి వేయండి. అన్నం చేతికొచ్చాకే! ప్రయాణం రోజు ఎంత వెయ్యాలో, ఎప్పుడు వెయ్యాలో డాక్టరుగారిని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ కిటికీ పక్క ఎండ తగిలేచోట పెట్టకూడదు. మందులు, గ్లూకోజ్ పొట్లం సీటు కింద పెట్టెలో కాదు, భుజానికి తగిలించుకునే సంచీలో ఉండాలి. రైలు ఆలస్యమైతే ఎంతసేపో ఎవరూ చెప్పలేరు గనక మిగతా మందులు కూడా రెండు రోజులవి ఎక్కువే పెట్టుకోండి.

తిండి సంగతికి వద్దాం. ఇప్పుడు నా లెక్క ఒకటే. ప్రయాణం ఎన్ని పూటలదైనా ఒక పూట ఎక్కువ కడతాను. మిగిలితే మిగిలింది, ఇంటికెళ్ళి తినొచ్చు. చింతపండు పులిహోరని మించింది లేదు. పులుసు నూనె తేలేదాకా దగ్గరగా ఉడికించండి. అన్నం పళ్ళెంలో ఆరబోసి పూర్తిగా చల్లారాకే కలిపి, డబ్బాలో సర్దండి. వేడిగా మూతపెడితే ఆవిరి నీరు దిగి పాచిపోతుంది. నిమ్మకాయ పులిహోర ఆ పూటకే బాగుంటుంది. కొబ్బరి పచ్చడి, ఉల్లిపాయ వేసిన కూర అసలు వద్దు, మొదట పాడయ్యేవి అవే. పెరుగన్నం పులిసిపోతుందని భయపడేవాళ్ళు ఇలా చేసి చూడండి. మెత్తగా వండిన అన్నంలో కాచిన పాలు ఎక్కువగా పోసి మెదిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు ఒక్క చెంచా పెరుగు కలపండి. పొద్దున కట్టింది సాయంత్రానికి డబ్బాలోనే కమ్మగా తోడుకుంటుంది. చపాతీ పిండి నీళ్ళకి బదులు పాలతో కలిపితే గట్టిపడవు. కందిపొడి, చిన్న సీసాలో నూనె ఉంటే కూర అక్కర్లేదు. షుగరు వాళ్ళకి వేయించిన శనగలు, జొన్న పేలాలు చేతికందేలా ఉంచండి. జంతికలు, కారప్పూస బాగుంటాయి గానీ దాహం వేస్తుంది. ఆగిపోయిన రైల్లో నీళ్ళే బంగారం!

నీళ్ళన్నాను గనక చెబుతున్నాను. పెట్టెల మీద ట్యాంకుల్లో నీళ్ళు కొన్ని పెద్ద స్టేషన్లలోనే నింపుతారు. దారి మళ్ళి, గంటలకొద్దీ ఆగితే మరుగుదొడ్లో పంపులు ఎండిపోతాయి. మా పెట్టెలో సాయంత్రం నాలుగింటికి చుక్క లేదు. మగవాళ్ళు దిగి చెట్టు చాటుకి పోయారు, మనమేం చేస్తాం? అప్పటినుంచి తాగేవి కాక ఒక లీటరు సీసా విడిగా పెట్టుకుంటున్నాను. పాత మెత్తని చీర ముక్క, సబ్బు ముక్క, పాత కాగితాలు, ఆడపిల్లలుంటే రెండు ప్యాడ్లు. మరుగుదొడ్డికి వెళ్ళలేమని నీళ్ళు తాగడం మానేస్తారు చాలామంది. అది ఇంకా ప్రమాదం, ఎండాకాలమైతే మరీను.

ఇంకో మాట. స్టేషన్ కానిచోట ఆగితే గాలికని పట్టాల మీదకి దిగకండి. పక్క పట్టా మీద రైలు ఎప్పుడొస్తుందో తెలీదు. మనది కదిలితే చీర కట్టుకుని అంత ఎత్తు ఎక్కలేం కూడా.

టిక్కెట్టు డబ్బు సంగతి చాలామందికి తెలీదు. మనం ఎక్కే స్టేషన్‌కి రైలు మూడు గంటలకి మించి ఆలస్యమై, మనం ప్రయాణం మానుకుంటే మొత్తం డబ్బు వెనక్కిస్తారు. కౌంటర్లో కొన్నదైతే రైలు వెళ్ళకముందే కౌంటర్లో ఇచ్చేయాలి. ఫోన్లో తీసిందైతే రైలు కదలకముందే టి.డి.ఆర్. పెట్టాలి. రైలే రద్దయితే ఫోను టిక్కెట్టు డబ్బు దానంతటదే ఖాతాలో పడుతుంది. కౌంటరు టిక్కెట్టు మాత్రం రైలు బయల్దేరాల్సిన టైము నుంచి మూడు రోజుల్లోగా తీసుకెళ్ళి ఇవ్వాలి. వరదలకి మధ్యలోనే ఆపేస్తే ఆ కాగితం ముక్క విసుగులో పారేయకండి, ఆ స్టేషన్ మాస్టరుకి ఇచ్చి టి.డి.ఆర్. రాయించుకోండి. మాలాగా ఎక్కి, ఆలస్యంగానైనా దిగినవాళ్ళకి మామూలుగా ఏమీ రాదు. అయితే ఒక సంగతి విన్నాను. జమ్ముకి నాలుగు గంటలు ఆలస్యంగా చేరి విమానం తప్పిపోయిన ఒకాయన కేసు వేస్తే, ఆలస్యానికి తగిన కారణం చూపించలేదని రైల్వే 30 వేల రూపాయలు ఇవ్వాల్సిందేనని 2021లో సుప్రీంకోర్టు అంది. వరదకి కారణం ఎవరు చూపించనక్కర్లేదు లెండి!

మేం సికిందరాబాదులో దిగేసరికి రాత్రి పది. సాయంత్రం ఆరింటికి ఒక చిన్న ఊళ్ళో ఆగినప్పుడు అక్కడి ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు, గిన్నెలతో ఉప్మా తెచ్చి కిటికీల్లోంచి అందించారు. వాళ్ళ పేర్లేమిటో, ఊరి పేరేమిటో ఆ చీకట్లో కనబడలేదు. ఒకావిడ విస్తరాకు అత్తయ్యగారి చేతిలో పెట్టి "తినమ్మా, మా అమ్మలాగే ఉన్నావు" అంది. అప్పటికి అన్నం కాదుగానీ ఆవిడ తృప్తిగా తిన్నారు. తిన్నాక నన్ను డబ్బా తీయమన్నారు. మూత తీసి, తన చేత్తో చలిమిడి తుంచి గ్లూకోజ్ ఇచ్చిన చంటిపిల్ల తల్లికో ముద్ద, ఆ నర్సు పిల్లకో ముద్ద పెట్టారు.

"తుంచకూడదన్నారుగా అత్తయ్యా?" అన్నాను నేను.

"వీళ్ళు మాత్రం ఆడపిల్లలు కారుటే?" అన్నారావిడ.