పేరు ఒకటే - పుట వేరు

ఒక గ్రామములో వెంకటేశ్వరరావులు ఇద్దరున్నచో, ఇంటిపేరు వ్రాయని ఉత్తరము ఎవరి గడప చేరునో చెప్పలేము. కంప్యూటరు ప్రోగ్రాములను వివరించు గ్రంథములందును ఇట్టి చిక్కే కలదు.

ప్రోగ్రామును ఎట్లు వాడవలయునో తెలుపు గ్రంథములో "దీనికి ఫలానా పుట చూడుడు" అను సూచనలు అడుగడుగున ఉండును. తెరపై ఆ మాటను తాకినంతనే ఆ పుట తెరుచుకొనును. ప్రోగ్రాము మారినప్పుడెల్ల ఈ లంకెలను చేతితో సరిదిద్దుట తలకు మించిన పని. కావున దానిని యంత్రమునకు అప్పగించినారు. 1997లో వెలువడిన డాక్సిజన్, పైథాన్ భాషా గ్రంథముల కొరకు రూపొంది 2008లో వెలువడిన స్ఫింక్స్ ఇట్టి సాధనములు.

అయితే యంత్రము అర్థమును గ్రహింపదు. పేరును పేరుతో పోల్చును, అంతే. తప్పు లంకెలకు మూలమిదియే.

ఒక ఉదాహరణము చూతము. పైథానులో ఫైలును తెరచుటకు 'ఓపెన్' అను ఆదేశము కలదు. 'కోడెక్స్' అను విభాగములోను అదే పేరుతో మరియొకటి కలదు. మొదటిది పాఠమును చదువునప్పుడు పంక్తుల చివరి గుర్తులను తానే సవరించును; రెండవది సవరింపదు. కోడెక్స్‌ను వివరించు పుటలో 'ఓపెన్' అని మాత్రమే వ్రాసినచో స్ఫింక్స్ మొదటిదానికే దారి చూపును. పాఠకుడు ఆ పుటను నమ్మి ప్రోగ్రాము వ్రాయును. ఫలితము వేరుగా వచ్చును. లోపము తన లెక్కలోనే ఉన్నదనుకొని అతడు గంటలకొలది వెదకును.

చికిత్స స్వల్పము. పేరునకు ముందొక చుక్క పెట్టినచో స్ఫింక్స్ తొలుత ఆ విభాగములోనే వెదకును. విభాగము పేరును చేర్చి పూర్తిగా వ్రాయుట మరింత క్షేమము. ఇంటిపేరు చేర్చుట యనగా ఇదియే.

డాక్సిజన్‌తో వచ్చు చిక్కు వేరొక విధమైనది. ప్రోగ్రాములో ఒక భాగమునకు 'ఈవెంట్' అని పేరున్నదనుకొందము. ఆంగ్ల వాక్యము మొదట, పెద్ద అక్షరముతో, ఆ మాట సామాన్యార్థములో వచ్చినను దానికి లంకె పడును. మాటకు ముందు శాతపు గుర్తు నుంచినచో ఆ లంకె తొలగును.

ఇక గమ్యమే లేని సూచనల సంగతి. స్ఫింక్స్ వీనిలో పెక్కింటిని మామూలుగా మౌనముగా విడిచిపెట్టును. 'నిట్‌పికీ' అను కట్టుదిట్టమును అమర్చినచో అట్టివానిని ఒక్కొక్కటిగా చూపి హెచ్చరించును. కాని తప్పు పుటకు చేరిన లంకె యంత్రము దృష్టిలో సరియైన లంకెయే. దానిపై ఏ హెచ్చరికయు రాదు.

లేని దారిని యంత్రము పట్టి యిచ్చును. తప్పుదారిని పట్టవలసినది మనుష్యుడే. గ్రంథమును వెలువరించుటకు ముందు ఒకరు లంకెలను తాకి, చేరిన పుట చెప్పుచున్నది ఆ విషయమేనా యని చదివి చూడవలయును. ఆ శ్రమ ఒకరు పడినచో, తరువాత వేలమంది పాఠకులకు ఆ శ్రమ తప్పును.