యాత్ర ముగిసిన మర్నాడు

విదేశానికి బయలుదేరే ముందు ప్రార్థన చేయించుకోని విశ్వాసి ఉండడు. పాస్‌పోర్టు కోసం ప్రార్థిస్తాం, వీసా కోసం ప్రార్థిస్తాం, విమానం కోసం, అక్కడి చలి కోసం కూడా ప్రార్థిస్తాం. బయలుదేరే ఆదివారం సంఘమంతా చేతులు చాపి దీవించి పంపుతుంది. తిరిగొచ్చిన ఆదివారం సాక్ష్యం చెప్పిస్తాం. కాని ఆ తర్వాత వచ్చే సోమవారం కోసం మాత్రం ఎవ్వరం ప్రార్థించం. నిజానికి యాత్ర విలువ తేలేది ఆ సోమవారమే.

మన పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల నుంచి విదేశాలకు వెళ్లివచ్చేవారు ఈనాడు తక్కువేమీ కాదు. సింగపూర్‌లోనో దుబాయిలోనో ఉన్న కొడుకు దగ్గర నెలరోజులు ఉండి వచ్చే తల్లిదండ్రులున్నారు. ఏళ్ల తరబడి చీటీలు కట్టి, పరిశుద్ధ దేశాన్ని కళ్లారా చూసివచ్చిన వారున్నారు. యెరూషలేము యాత్రకు ఇచ్చే సాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరులో పెంచింది. ఏడాదికి మూడు లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికి 40 వేల నుంచి 60 వేలకు, అంతకు మించి ఉన్నవారికి 20 వేల నుంచి 30 వేలకు అది పెరిగింది. 2020లో కోవిడ్ వల్ల, 2023 అక్టోబరులో మొదలైన యుద్ధం వల్ల ఆ ప్రయాణాలకు పెద్ద ఆటంకాలే వచ్చాయి. అయినా వెళ్లివచ్చిన వారి ఇళ్లలో ఆలివు కర్ర సిలువలు, యొర్దాను నీళ్ల సీసాలు అలాగే ఉన్నాయి. అవి కాక మనం తెచ్చుకున్నదేమిటి? ప్రియులారా, ఈ వారం మనం ఆలోచించవలసింది ఇదే.

తెల్లారితే మొదలయ్యే పనులు

పది రోజులు హోటల్లో వడ్డించినది తిని, బస్సు ఎక్కమంటే ఎక్కి, దిగమంటే దిగిన మనిషి పలాస స్టేషన్‌లో దిగేసరికి లోకం మారిపోతుంది. పెట్టెలనిండా మాసిన బట్టలు. కరెంటు బిల్లు గడువు దాటిపోయి ఉంటుంది. గ్యాస్ బండ ఖాళీ. తోటలో కొబ్బరి దింపు చేయించాలి. ఇంటికి కాపలా ఉన్న బంధువును సాగనంపాలి. ఇంతలో ఒళ్లు మాట వినదు. యెరూషలేములో శీతకాలపు గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది. ఇక్కడ తెల్లవారుజామున ఐదు గంటలకు కోడి కూస్తుంటే, ఆ ఒంటికి ఇంకా రాత్రి ఒకటిన్నరే. శరీరం దారిలోకి రావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో పొద్దున్నే కాసేపు ఎండలో నడవండి. మొదటి రోజే బండి తీసి జాతీయ రహదారి మీదికి వెళ్లకండి. బీపీకో షుగరుకో మాత్రలు వేసుకునేవారు వాటి వేళలను డాక్టరునడిగి సరిచేసుకోండి.

ఉద్దానం వారికి మరో మాట ప్రత్యేకంగా చెప్పాలి. ప్రయాణపు ఒళ్లునొప్పులకు మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు కొని మింగకండి. ఆ మాత్రలు కిడ్నీలకు చేటు చేస్తాయి. కిడ్నీ జబ్బు ఇన్ని ఇళ్లను కూల్చిన నేల మీద ఆ అలవాటు ఉండకూడదు. మంచినీళ్లు తాగి, నిద్రపోయి, అప్పటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లడం మేలు.

జేబులో మిగిలిన డాలర్ల సంగతి కూడా అదే వారంలో చూసుకోవాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రెండు వేల అమెరికన్ డాలర్ల విలువ వరకు నోట్లను ఇంట్లో ఉంచుకోవచ్చు. అంతకు మించినది తిరిగొచ్చిన 180 రోజుల్లోపు అప్పగించాలి. చిల్లర నాణేలను పిల్లలకు జ్ఞాపకంగా ఇచ్చుకోవచ్చు.

ఇవన్నీ ఆత్మీయ విషయాలేనా అని కొందరికి సందేహం రావచ్చు. తప్పకుండా ఆత్మీయ విషయాలే. లేఖనమే అందుకు సాక్ష్యం.

పొలం కోసం మొరపెట్టిన స్త్రీ

రాజుల రెండవ గ్రంథం ఎనిమిదో అధ్యాయం మొదటి ఆరు వచనాలు చదవండి. షూనేము ఊరి స్త్రీ అందరికీ తెలుసు. ఎలీషా ప్రవక్తకు మేడమీద గది కట్టించి, మంచమూ బల్లా పీటా దీపస్తంభమూ ఏర్పాటు చేసిన తల్లి ఆమె. చనిపోయిన ఆమె కొడుకు తిరిగి బ్రతికిన అద్భుతాన్ని ఆదివారపు బడి పిల్లలు కూడా చెప్పగలరు. కాని ఆ తర్వాతి కథ మనం అంతగా చెప్పుకోం. దేశం మీదికి కరువు రాబోతోందని ప్రవక్త హెచ్చరిస్తే ఆమె ఇంటివారితో ఫిలిష్తీయుల దేశానికి వెళ్లి ఏడేళ్లు గడిపింది. తిరిగొచ్చేసరికి ఇల్లూ పొలమూ ఆమె చేతిలో లేవు. ఆమె ఏం చేసింది? అద్భుతం జరిగిన ఇల్లాలిని కదా, దేవుడే చూసుకుంటాడని కూర్చోలేదు. రాజు దగ్గరికి వెళ్లి మొరపెట్టింది. నేటి మాటలో చెప్పాలంటే ఎమ్మార్వో ఆఫీసు ముందు నిలబడింది. సరిగ్గా అదే సమయానికి గేహజీ ఆమె కొడుకు సంగతే రాజుకు చెబుతున్నాడు. రాజు ఒక అధికారిని నియమించాడు. ఆమె భూమి మాత్రమే కాదు, ఆమె వెళ్లిన నాటి నుంచి ఆ పొలంలో పండిన పంట విలువ కూడా ఇప్పించాడు.

పరిశుద్ధాత్మ దేవుడు ఒక స్త్రీ భూమి తగాదాకు లేఖనంలో ఆరు వచనాలు కేటాయించాడు. పొలం కాగితం, కరెంటు బిల్లు, బ్యాంకు పని దేవుని దృష్టిలో చిన్నవి కావని దీని అర్థం. గేహజీ నోట ఆ మాట ఆ క్షణంలో రావడంలో దేవుని ఏర్పాటు ఉంది. కాని ఆమె గడప దాటి వెళ్లకపోతే ఆ ఏర్పాటును చూసేదే కాదు. విశ్వాసం మనల్ని క్యూలో నిలబడకుండా తప్పించదు. క్యూలో నిలబడే ఓపికను ఇస్తుంది.

ఈ కథ చదివినప్పుడల్లా కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి గల్ఫ్‌కు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, తాపీ పనివారుగా వెళ్లిన మన బిడ్డలు గుర్తొస్తారు. వారిది విహారయాత్ర కాదు. వారికి సెలవంటే ఇంటికి రావడమే. రెండేళ్లకోసారి దొరికే ఆ నెలా రెండు నెలల్లో పాస్‌బుక్కు సరిచేయించాలి, అమ్మను ఆస్పత్రిలో చూపించాలి, పిల్ల కాలేజీ ఫీజు కట్టాలి, ఇంటి పైకప్పు బాగుచేయించాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు తీరంలో తిత్లీ తుపాను ఒడ్డు దాటింది. కరెంటు పోయి, ఫోన్లు మూగబోయి, ఇంటివారు బతికున్నారో లేదో తెలియక పరాయి దేశంలో తల్లడిల్లినవారు ఎందరో. పరుగున వచ్చినవారికి కూలిన కొబ్బరి తోటలు, వేళ్లతో లేచిపోయిన జీడిచెట్లు ఎదురయ్యాయి. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావాలంటే ఐదారేళ్లు పడుతుంది. అలాంటి వారు సెలవు మీద వచ్చినప్పుడు “మాకేం తెచ్చావు?” అని అడగడానికి ముందు, “నీ పనుల్లో నేనేది చేసిపెట్టగలను?” అని అడిగే సంఘం కావాలి. తోడుగా ఆఫీసుకు వెళ్లి ఒక పూట కూర్చుంటే చాలు, ఆ సోదరుడికి భార్యాపిల్లలతో గడిపే ఒక పూట మిగులుతుంది.

నజరేతుకు తిరిగి వచ్చిన బాలుడు

యేసుప్రభువు బాల్యం నుంచి మనకు దొరికే ఒకే ఒక్క పెద్ద సంఘటన కూడా యాత్ర నుంచి తిరిగి రావడమే. పన్నెండేళ్ల వయసులో పస్కాకు యెరూషలేము వెళ్లాడు. దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్నాడు. విన్నవారంతా ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత? తల్లిదండ్రులతో నజరేతుకు దిగివచ్చి వారికి లోబడ్డాడని లూకా రాశాడు (2:51). గ్రీకు మూలంలో ఆ క్రియ ఒక్కరోజుతో ముగిసిపోయినది కాదు, సాగుతూ ఉన్నది. లోబడుతూనే ఉన్నాడు. ఇంచుమించు ముప్పై ఏళ్లప్పుడు బహిరంగ సేవ మొదలయ్యేదాకా, అంటే సుమారు పద్ధెనిమిదేళ్లు, ఆ చిన్న పల్లెలో ఆయన చేసిన ప్రసంగం ఒక్కటీ రాసిలేదు. ఊరివారికి ఆయన వడ్లవాడుగా తెలుసు (మార్కు 6:3). అక్కడున్న ‘టెక్టోన్’ అనే గ్రీకు మాటకు కర్రపని చేసేవాడనే కాక, కట్టడపు పనివాడనే అర్థం కూడా ఉంది.

పన్నెండేళ్లకే దేవాలయంలో పండితులను మెప్పించిన బాలుడు మళ్లీ పనిముట్లు పట్టుకున్నాడు. నీళ్లు తెచ్చి ఉంటాడు, కలప మోసి ఉంటాడు. యెరూషలేము చూసివచ్చాను కదా, ఈ పనులు నాకెందుకు అనలేదు.

మన జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఈ మాట బాగా అర్థమవుతుంది. జీడిపిక్కలు 80 కేజీల బస్తాల్లో వస్తాయి. వాటిని ఉడికించాలి లేదా కాల్చాలి, కోయాలి, ఆరబెట్టాలి, పొట్టు తీయాలి, గుండ్లూ బద్దలూ వేరుచేయాలి. తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. చేతులు నల్లబడిపోతాయి. దేశదేశాల్లో పండుగ మిఠాయిల మీద కనిపించే ఆ తెల్లటి పప్పు వెనుక ఈ నల్లబడిన చేతులున్నాయి. గెత్సేమనే అంటే నూనె గానుగ అని అర్థం. అక్కడి ముసలి ఆలివు చెట్ల కింద నిలబడి కన్నీళ్లు పెట్టుకున్న విశ్వాసి, తిరిగి వచ్చాక తన వీధిలోనే జీడిపిక్కల ముందు కూర్చున్న సోదరి చేతులను గమనించకపోతే, ఆ గానుగ అతనికి ఏం నేర్పినట్టు? మృతసముద్రపు ఉప్పు ముక్కను గాజు పెట్టెలో దాచుకున్నవాడు, నౌపడ ఉప్పు మడుల్లో ఎండకు మాడుతున్న కూలీ పేరైనా తెలుసుకోకపోతే ఆ ఉప్పుకు సారమెక్కడిది?

కొండ దిగిన రోజు

పరిశుద్ధ దేశానికి వెళ్లినవారు సాధారణంగా తాబోరు కొండ చూస్తారు. ప్రభువు రూపాంతరం పొందిన స్థలం అదేనని సంప్రదాయం. ఆ మహిమను చూసిన పేతురు అక్కడే మూడు పర్ణశాలలు కట్టుకుందామన్నాడు. ఆ కోరిక నెరవేరలేదు. లూకా సువార్త తొమ్మిదో అధ్యాయం 37వ వచనం జాగ్రత్తగా చూడండి. మర్నాడు వారు కొండ దిగగానే ఒక తండ్రి తన ఒక్కగానొక్క కొడుకు కోసం కేకలు వేస్తూ ఎదురొచ్చాడు. మహిమకూ ఆ కేకకూ మధ్య ఉన్నది ఒక్క రాత్రి.

మనం కొండ దిగే ఊళ్లలో ఆ కేక ఎవరిదో మనకు తెలుసు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఏళ్ల పరిశోధన తర్వాత కూడా ఇంకా పూర్తిగా తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఉద్దానం గ్రామాల తాగునీటి కోసం వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా తెచ్చే పథకం కూడా అదేరోజు మొదలైంది. వీటికి దేవునికి స్తోత్రం. అయినా డయాలిసిస్ రోగికి వారానికి రెండు మూడుసార్లు ఆస్పత్రి తప్పదు. వెళ్లిన ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు యంత్రం పక్కనే పడుకోవాలి. ఎవరో ఒకరు తోడుండాలి. ఆ తోడు వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది. ఏడాది పొడుగునా లెక్కవేస్తే వంద నుంచి నూటయాభైసార్లు. ఏ కుటుంబం ఒంటరిగా భరించగలదు?

కాబట్టి విదేశయాత్ర చేసివచ్చిన సోదర సోదరీమణులారా, ఒక విన్నపం. ఖర్జూరాలు, చాక్లెట్లు, ఆలివు నూనె సీసాలు పంచేటప్పుడు మన వరుస చూసుకోండి. పెద్దలకు, పరపతి ఉన్నవారికి ముందు వెళ్తున్నాయా? లేక మంచాన ఉన్నవారికి, పింఛను మీద బతికే విధవరాళ్లకు వెళ్తున్నాయా? అన్నట్టు డయాలిసిస్‌లో ఉన్నవారికి ఖర్జూరాలు, చాక్లెట్లు సాధారణంగా పడవు. వారికి వస్తువు కన్నా మీ సమయం ఇవ్వండి. పది రోజుల యాత్రకు సెలవు పెట్టగలిగిన మనం, నెలకు ఒక్క రోజు ఒక రోగి పక్కన కూర్చోవడానికి సెలవు పెట్టలేమా? సంఘంలో పది కుటుంబాలు కలిసి వంతులు వేసుకుంటే, ఒక్కో రోగి ఇంటివారికి నెలకు పది రోజుల కూలి నిలుస్తుంది. యాత్ర కోసం అప్పు చేసినవారు ముందుగా ఆ అప్పు తీర్చండి. వడ్డీ పెరుగుతుండగా విందు పెట్టడం సాక్ష్యం కాదు.

ఈ ప్రాంతానికి సువార్త తెచ్చినవారి జీవితాల్లోనూ ఇదే చూస్తాం. 1874లో కాకినాడలో సేవ మొదలుపెట్టిన కెనడా బాప్తిస్టు మిషనరీలు తర్వాతి కాలంలో ఉత్తరాంధ్రలో టెక్కలి దాకా వచ్చారు. కొన్నేళ్లకోసారి సెలవు మీద స్వదేశం వెళ్లేవారు. అక్కడ చల్లని గాలి, సొంత మనుషులు, సొంత భాష. అయినా ఎందరో ఓడెక్కి తిరిగి ఈ ఎండలోకే వచ్చారు. వారు వెళ్లడం కన్నా తిరిగి రావడమే మన తాతలకు సువార్తను నమ్మించింది.

యొర్దాను నీళ్ల సీసాను అలమారలోనే ఉండనివ్వండి. రేపు ఉదయం మాత్రం కరెంటు బిల్లు కట్టడానికి వెళ్తూ పక్కింటి తలుపు తట్టండి. “ఆస్పత్రికి మళ్లీ ఎప్పుడు వెళ్లాలి? ఈసారి తోడు నేనొస్తాను” అని చెప్పండి. ప్రభువు నడిచిన నేలను చూసిరావడం ధన్యతే. ఆయన నడిచినట్టు మన నేల మీద నడవడం అంతకన్నా గొప్ప ధన్యత. దానికి వీసా అక్కర్లేదు.