చిక్కిన గుర్రానికి మేత

ఎముకల గూడుగా మిగిలిన గుర్రాన్ని చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది. దాని ముందు గంపెడు గుగ్గిళ్ళు పోయాలనిపిస్తుంది. కాని దీర్ఘకాలం పస్తులున్న అశ్వానికి ఆ జాలియే ప్రాణాంతకం కావచ్చు. ఆకలిని తట్టుకొని బ్రతికిన జంతువు, కడుపు నిండిన కొద్ది రోజులకే మరణించడం వింతగా తోచినా, అందుకు స్పష్టమైన కారణం ఉంది.

ఆహారం అందనప్పుడు శరీరం మొదట తనలోని చక్కెర నిల్వలను, పిదప కొవ్వును, తుదకు కండరాలను కరిగించుకొని జీవిస్తుంది. ఆ దశలో భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు తరిగిపోతాయి. అటువంటి స్థితిలో జొన్నలు, మొక్కజొన్నలు, బెల్లం వంటివి ఒక్కసారిగా లభిస్తే రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. అది చక్కెరతోపాటు ఆ ఖనిజాలను కూడా రక్తంనుండి కణాలలోనికి చేరుస్తుంది. రక్తంలో వాటి పరిమాణం హఠాత్తుగా పడిపోవడంవల్ల గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు విఫలం కావచ్చు. ఈ ముప్పు గుర్రాలకే పరిమితం కాదు. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక చెరనుండి విడుదలైన వారిలో కొందరు తిండి దొరికిన తరువాతనే మరణించారు.

అశ్వం జీర్ణవ్యవస్థ కూడా ఇందుకు తోడవుతుంది. అంత పెద్ద జంతువుకు జీర్ణాశయం మాత్రం చిన్నది. పీచుపదార్థం పెద్దప్రేగు భాగంలోని సూక్ష్మజీవుల సాయంతో జీర్ణమవుతుంది. ధాన్యం మితిమీరితే జీర్ణంకాని పిండి అక్కడికి చేరి పులుస్తుంది. ఫలితంగా తీవ్రమైన కడుపునొప్పి, గిట్టల లోపలి వాపు కలుగుతాయి. గుర్రం వాంతి చేసుకోలేదు కనుక తిన్నదానినుండి తప్పించుకొనే మార్గం కూడా లేదు.

మరి ఏమి పెట్టాలి? అమెరికాలోని డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పస్తులతో చిక్కిన గుర్రాలకు మూడు రకాల మేతలు పెట్టి పరిశీలించారు. 1998లో వెలువడిన ఆ ఫలితాలలో లూసర్న్ ఎండుమేత మేలైనదిగా తేలింది. దానిలో పిండి తక్కువ. మాంసకృత్తులు, మెగ్నీషియం, భాస్వరం ఎక్కువ. వారి విధానం ప్రకారం మొదటి మూడు రోజులు నాలుగు గంటలకొకసారి సుమారు 450 గ్రాముల చొప్పున, రాత్రివేళ సైతం, ఆ మేతనే అందించాలి. ఆరవ రోజుకు ఎనిమిది గంటలకొకసారి దాదాపు 2 కిలోల వరకు పెంచవచ్చు. పది రోజులు గడిచాక, పశువైద్యుడు అనుమతిస్తే, తిన్నంత మేత పెట్టవచ్చు. శుభ్రమైన నీరు ఎల్లవేళలా అందుబాటులో ఉండాలి. దాణా జోలికి ఇంకా పోరాదు.

చిక్కిన ప్రతి గుర్రమూ పస్తులున్నదని భావించడం పొరపాటు. ముందు మేత ఉన్నా చిక్కిపోతున్నదంటే నోటిని పరీక్షించాలి. పళ్ళ అంచులు పదునెక్కితే గుర్రం నమలలేక గడ్డిని ముద్దలుగా జారవిడుస్తుంది. పేగులలోని పురుగులు మరొక కారణం. అయితే మిక్కిలి నీరసించిన గుర్రానికి పురుగుల మందు ఎప్పుడు పట్టాలో వైద్యుడే నిర్ణయించాలి. కారణాన్ని విడిచి దాణా పెంచడం చిల్లికుండలో నీరు పోయడమే.

కోలుకొన్న గుర్రానికి తవుడు, కొద్దిపాటి వంటనూనె క్రమంగా జోడించవచ్చు. నూనె ధాన్యంకంటే రెట్టింపునకు మించి శక్తినిస్తుంది. అందులో పిండి లేదు. ఏ మార్పునైనా వారం పదిరోజులమీద చేయాలి.

విరాటుని కొలువులో నకులుడు అశ్వరక్షకుడై నిలిచిన కాలంనుండి ఈ విద్యలో చూపుకు, స్పర్శకు ప్రాధాన్యం ఉంది. 1983లో హెన్నెకె బృందం ప్రకటించిన తొమ్మిది అంకెల కొలమానం కూడా ఆ రెండింటినే ఆశ్రయించింది. మెడ, మూపు, భుజం వెనుక, పక్కటెముకలు, నడుము, తోకమొదలు చేతితో తడిమి అంకె నిర్ణయిస్తారు. ఒకటి అంటే అస్థిపంజరం. తొమ్మిది అంటే అతిస్థూలం. పక్కటెముకలు కంటికి కనబడక, చేతికి సులభంగా తగిలితే అది అయిదు. ఒకటవ అంకెనుండి అక్కడికి చేరడానికి నెలలు పడుతుంది.