ఇంటి కంప్యూటర్‌లో ప్రారంభ సర్వీసులు: అవసరాన్ని నిర్ణయించే పద్ధతి

కీలక పదాలు: విండోస్, సర్వీసు, ప్రారంభ విధానం, పరాధీనత, భద్రత, పునరుద్ధరణ

ఉపోద్ఘాతం

కొన్నప్పుడు చురుకుగా పనిచేసిన కంప్యూటర్ రెండు మూడేళ్లు గడిచేసరికి మీట నొక్కిన తర్వాత చాలాసేపటికి గాని పనికి సిద్ధం కాకపోవడం పరిశోధకులకు, అధ్యాపకులకు అనుభవంలో ఉన్న విషయమే. ఆ ఆలస్యానికి కారణం వెదుకుతూ వెళ్లినవారు తరచుగా విండోస్‌లోని సర్వీసుల పట్టిక దగ్గర ఆగుతారు. అక్కడ వందకు ఎంతో మించిన పేర్లు కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం ఎందుకున్నాయో పేరును బట్టి తెలియదు. అప్పుడు ఎవరో తయారుచేసిన ‘ఆపివేయదగిన సర్వీసుల జాబితా’ను దగ్గర పెట్టుకుని వరుసగా ఆపుకుంటూ పోవడం సులభమైన దారిగా తోస్తుంది. నెల తిరిగాక ముద్రణ జరగదు, లేదా దాచుకున్న పాత ప్రతిని వెనక్కి తెచ్చుకోవలసిన రోజున ఆ ప్రతి ఉండదు. అప్పటికి ఏది ఎందుకు ఆపామో గుర్తుండదు.

ఇటువంటి జాబితాలు అన్ని ఇళ్లకూ వర్తించవు. ఒక సర్వీసు అవసరమా కాదా అన్నది ఆ ఇంట్లో జరిగే పనిని బట్టి తేలవలసిన విషయం. విండోస్ 10, 11లను ప్రధానంగా తీసుకుని ఆ నిర్ణయానికి ఆధారాలేమిటో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సర్వీసు స్వరూపం

సర్వీసు అంటే తెరపై కిటికీ ఏదీ చూపకుండా వెనుక నడిచే ప్రోగ్రాం. యూనిక్స్ సంప్రదాయంలో దీనిని ‘డీమన్’ అంటారు. విండోస్ కుటుంబంలో ఈ ఏర్పాటు 1993లో వెలువడిన ఎన్‌టీ నుంచి ఉంది. వినియోగదారుడు సంకేతపదం టైపు చేయకముందే ‘సర్వీస్ కంట్రోల్ మేనేజర్’ అనే నియంత్రకం వీటిని ప్రారంభిస్తుంది. లాగిన్ అయిన తర్వాత మొదలయ్యే ‘స్టార్టప్ యాప్స్’ వేరు. అవి టాస్క్ మేనేజర్‌లో ప్రత్యేక పుటలో ఉంటాయి. మాట్లాడుకునే యాప్‌లు, ఫైళ్లను క్లౌడ్‌కు చేరవేసే యాప్‌లు, సంగీతం వినిపించే యాప్‌లు ఈ రెండో వర్గానివి. తెర కనిపించిన తర్వాత కూడా కంప్యూటర్ మొరాయిస్తుంటే మొదట చూడవలసింది వీటిని. ఇక్కడ పొరపాటు జరిగినా పెద్ద నష్టం ఉండదు. సర్వీసుల విషయంలో ఆ భరోసా లేదు.

కారణం అధికారంలో ఉంది. స్టార్టప్ యాప్ వినియోగదారుని హక్కులతో నడుస్తుంది. అనేక సర్వీసులు ‘లోకల్ సిస్టమ్’ అనే ఖాతా కింద నడుస్తాయి. ఆ ఖాతాకు అడ్మినిస్ట్రేటర్‌కు లేని హక్కులు కూడా కొన్ని ఉన్నాయి. ఏ ప్రోగ్రాంకైనా దాని పనికి కావలసినంత అధికారం మాత్రమే ఉండాలన్న సూత్రాన్ని సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లో ప్రకటించిన వ్యాసంలో స్పష్టంగా ప్రతిపాదించారు. అనవసరమైన సర్వీసును ఆపాలనడానికి అసలు బలం ఈ సూత్రమే. వేగం రెండో కారణం. చాలామంది ఈ క్రమాన్ని తిరగవేసి ఆలోచిస్తారు.

చరిత్రలో దీనికి సాక్ష్యాలున్నాయి. విండోస్ ఎక్స్‌పీలో ‘మెసెంజర్’ అనే సర్వీసు ఉండేది. కార్యాలయ నెట్‌వర్కులో ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి హెచ్చరికలు పంపడం దాని పని. ఇళ్లలో దానికి పనే లేదు. అయినా అది నడుస్తూ ఉండేది. ప్రకటనకర్తలు దాని ద్వారా ఇళ్లలోని తెరలపైకి ప్రకటనలు తోశారు. 2003 అక్టోబరులో దానిలోనే ఒక తీవ్రమైన భద్రతా లోపం బయటపడింది. 2004లో వచ్చిన రెండవ సర్వీస్ ప్యాక్‌తో మైక్రోసాఫ్ట్ దానిని ముందుగానే ఆపి ఉంచే స్థితికి మార్చింది. ఎవరికీ పనికిరాని సర్వీసు కూడా తలుపు తెరిచే ఉంచుతుందనడానికి ఇది చక్కని ఉదాహరణ.

ప్రారంభ విధానాలలోని సూక్ష్మభేదం

‘ఆటోమేటిక్’ అంటే కంప్యూటర్‌తో పాటే మొదలయ్యేది. విస్టాతో వచ్చిన ‘డిలేడ్ స్టార్ట్’ దానికి ఒక రూపాంతరం. ఆటోమేటిక్ సర్వీసులు మొదలైన తర్వాత, మామూలుగా సుమారు రెండు నిమిషాలకు ఇవి వరుసలోకి వస్తాయి. ‘డిసేబుల్డ్’ అంటే ఎవరు పిలిచినా పలకనిది. అపార్థానికి ఎక్కువగా గురయ్యేది ‘మాన్యువల్’. మనిషి చేత్తో ప్రారంభించవలసినదని ఈ మాట తోపింపజేస్తుంది. నిజానికి మరొక ప్రోగ్రాం అడిగినా ఇది మొదలవుతుంది. 2009లో విండోస్ 7తో వచ్చిన ‘ట్రిగ్గర్’ ఏర్పాటు వల్ల ఒక పరికరం తగిలించడం, నెట్‌వర్కు చిరునామా లభించడం వంటి సంఘటన జరిగినప్పుడు కూడా మొదలవుతుంది. పని ముగిశాక చాలా సర్వీసులు తమంతట తామే ఆగిపోతాయి.

ఈ భేదం గ్రహిస్తే జాబితాలలోని సగం సలహాలు వ్యర్థమని తేలుతుంది. ‘ఫ్యాక్స్’ సర్వీసును ఆపమని అవి తప్పక చెబుతాయి. మాన్యువల్‌లో ఉండి ఎవరూ పిలవని సర్వీసు జ్ఞాపకశక్తిని తినదు, ప్రారంభాన్ని ఆలస్యం చేయదు. ‘రిమోట్ రిజిస్ట్రీ’ విండోస్ 10లో ముందే నిలిపివేసి వస్తుంది. ఆగి ఉన్నదానిని ఆపడం వల్ల వచ్చే లాభం శూన్యం. కాని మాన్యువల్‌లో ఉన్నదానిని డిసేబుల్డ్‌కు మార్చితే నష్టం మాత్రం రావచ్చు. ‘వాల్యూమ్ షాడో కాపీ’ దీనికి ఉదాహరణ. ఎప్పుడు చూసినా ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది. సిస్టమ్ రిస్టోర్ బిందువు సృష్టించే వేళ, అనేక బ్యాకప్ ప్రోగ్రాంలు నడిచే వేళ మాత్రమే లేచి పనిచేస్తుంది. దానిని నిలిపివేస్తే బ్యాకప్ విఫలమవుతుంది. సిద్ధాంత గ్రంథం సమర్పించవలసిన నెలలో డిస్కు చెడిపోయినప్పుడు గాని ఆ సంగతి బయటపడకపోవచ్చు.

మరొక అపోహ కూడా ఇక్కడే తీర్చుకోవచ్చు. టాస్క్ మేనేజర్‌లో ‘ఎస్‌వీసీహోస్ట్’ పేరు పదుల సంఖ్యలో కనిపించగానే వైరస్ అని కంగారు పడేవారున్నారు. అది సర్వీసులకు ఆశ్రయమిచ్చే ప్రోగ్రాం. పూర్వం ఒక్కొక్క ఆశ్రయంలో అనేక సర్వీసులు కలిసి ఉండేవి. 2017 నాటి విండోస్ 10 నవీకరణ నుంచి 3.5 గిగాబైట్లకు మించిన జ్ఞాపకశక్తి గల యంత్రాలలో ఎక్కువ సర్వీసులకు విడివిడి ఆశ్రయాలు ఏర్పడ్డాయి. దీనివల్ల ఏ సర్వీసు యంత్రాన్ని శ్రమ పెడుతోందో పేరుతో సహా చూడగలుగుతున్నాం.

అవసరాన్ని తేల్చే ప్రశ్నలు

ఏ సర్వీసును గురించైనా నాలుగు విషయాలు తెలియాలి: అది చేసే పని ఈ ఇంట్లో జరుగుతుందా, దానిపై ఆధారపడినవి ఏవి, దానిని తయారుచేసిందెవరు, అది లేకపోతే ఆ లోటు వెంటనే తెలుస్తుందా లేక చాలాకాలం తర్వాతనా. రెండో ప్రశ్నకు సమాధానం ప్రతి సర్వీసు లక్షణాల పెట్టెలోని ‘డిపెండెన్సీస్’ పుటలో ఉంటుంది. ‘బేస్ ఫిల్టరింగ్ ఇంజిన్’ అనే నిగూఢమైన పేరు చూసి ఆపితే దానిపై నిలిచిన ఫైర్‌వాల్ కూడా పడిపోతుంది. ‘డీహెచ్‌సీపీ క్లయింట్’ ఆపితే సాధారణమైన ఇంటి వైఫైలో యంత్రానికి చిరునామా దొరకదు. నాలుగో ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమని నా అభిప్రాయం. శబ్దం రాకపోతే నిమిషంలో తెలుస్తుంది, సరిచేసుకుంటాం. నవీకరణ, బ్యాకప్, రక్షణ ఆగితే ఏ చప్పుడూ ఉండదు.

ఒక పరిశోధక విద్యార్థి ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. వైఫై ఉంది, ప్రింటర్ లేదు, రోజూ తెలుగులో టైపు చేయాలి, వేల ఫైళ్లున్నాయి.

ప్రింటర్ లేదు గనుక ‘ప్రింట్ స్పూలర్’ అనవసరమనిపిస్తుంది. భద్రత దృష్ట్యా దానికి బలమైన కారణమూ ఉంది. 2021 జులైలో ‘ప్రింట్ నైట్‌మేర్’ పేరుతో ప్రసిద్ధమైన లోపం స్పూలర్‌లోనే కనిపించింది. సవరణ స్థాపించేలోగా తాత్కాలిక రక్షణగా ఆ సర్వీసును ఆపివేయడం మైక్రోసాఫ్ట్ సూచించిన మార్గాలలో ఒకటి. అయితే ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ కూడా ఒక ప్రింటరే, కాగితం లేని ప్రింటర్. స్పూలర్ ఆగితే అదీ ఆగుతుంది. వ్యాసాలను ఆ మార్గంలో పీడీఎఫ్ చేసే అలవాటున్నవారు స్పూలర్‌ను ఉంచుకోవాలి. వర్డ్‌లోని ‘సేవ్ యాజ్’ ద్వారా పీడీఎఫ్ చేసేవారు నిశ్చింతగా ఆపవచ్చు. ఒకే సర్వీసు విషయంలో పక్కపక్క ఇళ్లకు వేర్వేరు సమాధానాలు వస్తాయనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

‘విండోస్ సెర్చ్’ ఫైళ్ల లోపలి మాటలకు సూచిక తయారుచేస్తుంది. పాత హార్డ్ డిస్కు గల యంత్రంలో ఈ పని భారంగానే ఉంటుంది. ఫైళ్లు వేలల్లో ఉన్న పరిశోధకునికి ఒక పదం ఏ ప్రకరణంలో వాడానో క్షణంలో తెలియడం చిన్న సౌకర్యం కాదు. ఇక్కడ తెలుగువారు గమనించవలసిన సంగతి ఒకటుంది. యూనికోడ్‌లో ఉన్న పాఠాన్ని మాత్రమే ఈ సూచిక తెలుగుగా గ్రహిస్తుంది. అను వంటి పాత ఖతులలో టైపు చేసిన ఫైళ్లు దాని దృష్టిలో అర్థంలేని లాటిన్ గుర్తుల వరుసలు. సేకరణ అంతా అటువంటి ఫైళ్లే అయితే సూచిక శ్రమ చాలా వరకు వృథా. అప్పుడు సర్వీసును ఆపినా పోయేది తక్కువ. ఆపనక్కరలేకుండా ఆ ఫోల్డర్లను మాత్రం సూచిక పరిధి నుంచి తొలగించడం ఇంకా మంచి పద్ధతి.

పేరు ఎంతగా తప్పుదారి పట్టిస్తుందో విండోస్ 10లోని ‘టచ్ కీబోర్డ్ అండ్ హ్యాండ్‌రైటింగ్ ప్యానెల్’ చూపుతుంది. నా తెర తాకే తెర కాదు, చేతిరాతా లేదు, కనుక అనవసరం అన్నది తర్కబద్ధంగానే ఉంది. దానిని నిలిపివేసినవారు కొందరికి స్టార్ట్ మెనూలోని వెదుకులాట గడిలో ఒక్క అక్షరం కూడా టైపు కాలేదు. ఆ సర్వీసుకు సాధారణ అక్షర ప్రవేశంతోనూ సంబంధం ఉంది. తెలుగు టైపింగే జీవనాధారమైన యంత్రంలో దీని జోలికి పోకపోవడం క్షేమం.

‘సిస్‌మెయిన్’ను గురించి వాదోపవాదాలు చాలా ఉన్నాయి. విస్టాలో ‘సూపర్‌ఫెచ్’ పేరుతో వచ్చిన ఈ సర్వీసు, తరచూ వాడే ప్రోగ్రాంలను ముందుగా జ్ఞాపకశక్తిలోకి తెచ్చి ఉంచుతుంది. డిస్కు ఎప్పుడూ నూరు శాతం పనిలో కనిపిస్తుంటే దీనిని ఒక వారం ఆపి చూడడంలో ప్రమాదం లేదు. మెరుగుదల కనిపించకపోతే మళ్లీ ప్రారంభించవచ్చు.

మూడో ప్రశ్న, అంటే తయారీదారు ఎవరన్నది, అసలు ఫలితమిచ్చే చోటు. ఎంఎస్‌కాన్ఫిగ్ పనిముట్టులో సర్వీసుల పుట తెరిచి ‘హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్’ గుర్తు పెడితే మిగిలేవి బయటి సంస్థలవి. ఎప్పుడో అమ్మివేసిన ప్రింటర్ తాలూకు సహాయకం, గడువు తీరిన రెండో యాంటీవైరస్, కంప్యూటర్ తయారీదారు అంటగట్టిన ప్రచార ప్రోగ్రాం ఇక్కడ దొరుకుతాయి. వీటిని నిలిపివేయడం కంటె మూల ప్రోగ్రాంనే తొలగించడం సరైనది. బ్రౌజర్, పీడీఎఫ్ రీడర్ వంటి వాటి నవీకరణ సర్వీసులు వేరు. వాటిని ఆపి మిగుల్చుకునేది అత్యల్పం, పోగొట్టుకునేది భద్రతా సవరణలను. ఆ గుర్తు పెట్టకుండా ‘డిసేబుల్ ఆల్’ నొక్కడం మాత్రం సాహసం. పిన్‌తో లాగిన్ అయ్యే యంత్రంలో తిరిగి లోపలికి వెళ్లడమే కష్టం కావచ్చు.

మార్పును పరీక్షించడం

ముందుగా సిస్టమ్ రిస్టోర్ బిందువు ఒకటి సృష్టించుకోవాలి. తర్వాత ఒకసారికి ఒక్క సర్వీసునే మార్చి, పాత స్థితిని తేదీతో సహా కాగితంపై రాసుకోవాలి. కాగితం అనడం ఛాందసం కాదు. యంత్రమే తెరుచుకోని రోజున అందులోని ఫైలు పనికిరాదు.

పరీక్షలో తరచూ జరిగే పొరపాటు విండోస్ 8తో వచ్చిన ‘ఫాస్ట్ స్టార్టప్’ను మరచిపోవడం. ఈ ఏర్పాటు అమలులో ఉన్నప్పుడు ‘షట్ డౌన్’ చేసినా వ్యవస్థ గర్భభాగం, సర్వీసులున్న భాగంతో సహా, డిస్కులోకి భద్రపరచబడి మరునాడు అక్కడి నుంచే కొనసాగుతుంది. అంటే సర్వీసులు కొత్తగా ప్రారంభం కావు. మార్పు ఫలితం చూడాలంటే ‘రీస్టార్ట్’ చేయాలి. కాలాన్ని చేతి గడియారంతో కొలవనక్కరలేదు. ఈవెంట్ వ్యూయర్‌లోని ‘డయాగ్నాస్టిక్స్ పెర్ఫార్మెన్స్’ చిట్టాలో 100వ సంఖ్య గల నమోదు ప్రారంభానికి పట్టిన సమయాన్ని మిల్లీసెకన్లలో చూపుతుంది. మార్పుకు ముందు మూడుసార్లు, తర్వాత మూడుసార్లు చూసి పోల్చితే భ్రమకు తావుండదు. చాలా సందర్భాలలో తేడా ఒకటి రెండు సెకన్లకు మించదని తేలవచ్చు. హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చితే వచ్చే మార్పుతో దీనికి పోలికే లేదు.

లినక్స్ వాడేవారికి ఈ కొలత ఇంకా సులభం. 2010లో మొదలైన ‘సిస్టమ్‌డీ’లోని ‘ఎనలైజ్ బ్లేమ్’ ఆదేశం ఏ సర్వీసుకు ఎంత సమయం పట్టిందో వరుసగా చూపుతుంది. అవి ఏకకాలంలో నడుస్తాయి గనుక ఆ అంకెలను కూడితే అసలు కాలం రాదు. ఏది దేనికోసం వేచి ఉందో ‘క్రిటికల్ చెయిన్’ ఆదేశం తెలుపుతుంది.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదనపు నవీకరణలు లేకుండా ఆ యంత్రాన్నే వాడుతున్న ఇంట్లో ప్రాధాన్యక్రమం మారుతుంది. అక్కడ మొదట చూడవలసింది ప్రారంభ వేగాన్ని కాదు, నెట్‌వర్కు వైపు తెరుచుకుని ఉన్న సర్వీసులను. ఇంట్లో మరే యంత్రమూ ఈ కంప్యూటర్‌లోని ఫైళ్లను, ప్రింటర్‌ను పంచుకోకపోతే ‘సర్వర్’ అనే సర్వీసుకు అక్కడ పని ఉండదు. 2008 నవంబరులో కాన్‌ఫికర్ పురుగు ప్రవేశించింది ఆ సర్వీసులోని లోపం గుండానే. ఆపదలచినవారు దాని డిపెండెన్సీస్ పుటను ఒకసారి చూసి, ఆపి, రీస్టార్ట్ చేసి, ఆ తేదీని తమ కాగితంపై చేర్చుకోవాలి.